కొసలు పోయిన కథలు

కుందవరం రాజ్యానికి ఏ లోటూ లేదు. వేళకు వానలు కురిసేవి, పొరుగు రాజులు పండగలకు కానుకలు పంపేవారు, అక్కడి దొంగలు కూడా కాస్త మర్యాదస్తులే. అలాంటి రాజ్యానికి ఎవరూ కలలో కూడా అనుకోని కష్టం వచ్చిపడింది. ఒక ఏకాదశినాడు పొద్దు వాలేసరికి ఆ రాజ్యంలోని కథలన్నిటికీ కొసలు పోయాయి.

కొసలు పోవడమంటే నవ్వులాట కాదు. తల్లులు ఎత్తుకున్న జోలపాట సగంలో ఆగిపోయేది. ఊయలలో పిల్లలు నిద్ర మానేసి మిగతా సగం కోసం గుడ్లప్పగించి చూసేవారు. తోలుబొమ్మలు కత్తులెత్తి తెర మీద అలాగే నిలబడిపోయాయి. పొడుపు కథలకు విడుపులు మాయమై, పిల్లలు ఒకరి జుట్టు ఒకరు పట్టుకున్నారు. ఉదయసేన మహారాజుగారికి తాను పులిని వేటాడిన కథ చెప్పడం మహా సరదా. ఆయన కూడా "పులి నా మీదికి దూకింది" అనేదాకా వచ్చి నోరు తెరుచుకుని ఉండిపోయేవాడు. ఆయన పులిని చంపాడో, పులే ఆయన్ని చంపిందో చివరికి రాణిగారికే అనుమానం వచ్చింది.

ఈ కష్టమంతా పుస్తకాల చావడిలో మొదలైంది. రాజుగారి తాత కట్టించిన చావడి అది. గోడల పొడవునా అరల్లో ఎర్రగుడ్డల్లో చుట్టిన తాటాకు పుస్తకాలు పదివేల దాకా ఉండేవి. ఎవరైనా వచ్చి చదువుకోవచ్చు. చదువు రానివాళ్లు వచ్చి చదివించుకోవచ్చు. ప్రతి ఏకాదశినాడూ ఎండ తగ్గగానే అక్కడ కొలువు జరిగేది. ఒకరు కథ చెప్పేవారు, నేతగాళ్లు మగ్గం పాటలు పాడేవారు, ముసలమ్మలు ఏ ఆకు ఏ జబ్బుకు పనికొస్తుందో చెప్పేవారు. ఎవరు ముందో ఎవరు తర్వాతో నాగమల్లి స్తంభం మీద సుద్దతో రాసిపెట్టేది. చావడిలో పుస్తకాలు చదివి వినిపించే ఉద్యోగం ఆమెది. భర్త లేడు. పదమూడేళ్ల కూతురు వకుళ ఒక్కతే ఆమెకు లోకం.

ఆ కొలువులో ఒక ఆచారం ఉండేది. కథ చెప్పేవారి ఎదురుగా ఒక ఎర్రచాప పరిచేవారు. వంతులవారీగా ఒక పిల్లో పిల్లవాడో దాని మీద కూర్చుని మొదటి "ఊ" కొట్టాలి. ఆ తర్వాత సభంతా అందుకుంటుంది. ఊ వినబడందే ఏ కథకుడూ రెండో మాట ఎత్తడు. ఎత్తితే గోడకు చెప్పుకున్నట్టేనని కుందవరం వాళ్ల నమ్మకం.

ఇలా ఉండగా చావడికి శుచివర్మ అనే కొత్త గ్రంథపాలకుడు వచ్చాడు. చెడ్డవాడు కాడు, పుస్తకాలంటే ప్రాణం పెట్టేవాడు. ఒక కొలువులో ఎవరో బెల్లం చేతులతో ఒక పుస్తకాన్ని ముట్టుకున్నారు. తెల్లారేసరికి దానికి చీమలు పట్టి ఆకుల అంచులు కొరికేశాయి. శుచివర్మ మూడు రోజులు అన్నం మానేశాడు. నాలుగో రోజున బెత్తం పట్టుకుని చావడి మధ్యన నిలబడ్డాడు.

"ఇకమీదట ఇక్కడ ఎవరూ నోరు తెరవకూడదు. తినేదీ నోరే, అరిచేదీ నోరే. కథ చెప్పేవారు చెప్పుకోవచ్చు. వినడానికి చెవులు చాలవూ? నోరు మెదిపినవాళ్లకు మళ్లీ ఈ గడప తొక్కే యోగం ఉండదు" అన్నాడు.

"మరి ఊ కొట్టడం అయ్యా?" అని నాగమల్లి అడిగింది.

"అది నోటితోనేగా కొట్టేది?" అన్నాడు శుచివర్మ.

తర్వాతి ఏకాదశికి ఎర్రచాప మీద వంతు వకుళది. ఆ రోజు కొలువుకు ఒక ముసలి బాటసారి వచ్చాడు. మోకాళ్ల దాకా దుమ్ము కొట్టుకుపోయి ఉన్నాడు. "నాకొక కథ ఉంది తల్లీ, చెప్పుకోనిస్తారా?" అని నాగమల్లిని అడిగాడు. ఆమె స్తంభం మీద మొదటి వరుసలో "బాటసారి" అని రాసింది.

ముసలాయన కూర్చుని గొంతు సవరించుకున్నాడు. "అనగా అనగా ఒక రాజుకు తొందరపాటు కొడుకు ఒకడుండేవాడు" అన్నాడు. అని వకుళ వంక చూశాడు.

వకుళకు ఊ గొంతులోకి వచ్చేసింది. తొందరపాటు కొడుకు ఏం తొందరపడ్డాడో తెలుసుకోవాలని ప్రాణం కొట్టుకుపోతోంది. కానీ స్తంభం పక్కన బెత్తం కనబడుతోంది. నోరు తెరిస్తే రేపటి నుంచి చావడి ఉండదు, ఒక్క పుస్తకమూ ఉండదు. వకుళ ఆ ఊను మింగేసింది. ముసలాయన అదే మాట రెండోసారి చెప్పాడు, మూడోసారి చెప్పాడు. సభంతా కుక్కిన పేనులా కూర్చుంది.

"మిగతా ఊళ్లలో సగమైనా విన్నారు. ఇక్కడ మొదటి మాటే ఎవరికీ అక్కర్లేకపోయింది" అని ముసలాయన లేచాడు. కోపంగా కూడా అనలేదు. చేతికర్ర ఊతం చేసుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

శుచివర్మకు చావడి ప్రశాంతంగా ఉండడం చూసి సంతోషం వేసింది. నాగమల్లిని ఒక పుస్తకం చదవమన్నాడు. ఆమె విప్పి, "అప్పుడు ఆ పిల్ల తలుపు గడియ తీసి చూసేసరికి..." అని చదివి ఆకు తిప్పింది. తర్వాతి ఆకు మీద ఒక్క అక్షరం లేదు. ఆమె వెనక్కి తిప్పి మళ్లీ అదే మాట చదివింది. మళ్లీ చదివింది. పుస్తకం మూసేసినా ఆ మాట ఆమె నోటిని వదల్లేదు. కూతురు భుజాలు పట్టుకుని కుదిపితే, కళ్లనీళ్లు కారుస్తూ "అప్పుడు ఆ పిల్ల తలుపు గడియ తీసి చూసేసరికి..." అంది.

రాజవైద్యుడు వచ్చి నాడి చూశాడు. "ఇది రోగం కాదు, ఏదో శాపం తాలూకు గాలి. మాట కొస దొరక్క ఈమె గొంతు అరిగిపోతోంది. మూడు ఏకాదశులు ఓర్చుకుంటుందేమో. మూడో ఏకాదశి పొద్దు గుంకితే ఇక ఈమె జన్మలో మాట్లాడదు" అని చెప్పాడు.

ఆ మాట విన్నాక వకుళ మరి నిలవలేదు. తను మింగిన ఊ కడుపులో రాయిలా కూర్చుంది. ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేకపోయింది. తల్లిని పొరుగింటి పిన్నికి అప్పగించి, అటుకుల మూట కట్టుకుని ముసలాయన్ని వెతకడానికి బయల్దేరింది.

అయితే ఎటు వెళ్లాలి? రాజభటులు నాలుగు దిక్కులా తిరిగి ఉత్త చేతులతో వచ్చారు. వకుళ ఊరి పొలిమేరలో నిలబడి చెవి ఒగ్గింది. దక్షిణాన మామిడి తోపులో కోయిల "కుహూ" అని నిండుగా కూస్తోంది. ఉత్తరాన అడవి అంచున ఇంకో కోయిల "కు" అని ఆగిపోతోంది. మళ్లీ "కు" అంటుంది, మళ్లీ ఆగిపోతుంది. "తాత వెళ్లిన దారిలో పిట్టల పాటలకు కూడా కొసలు పోయాయన్నమాట" అనుకుని వకుళ ఉత్తరం వైపు నడిచింది. ఏ చెట్టు మీద పాట సగంలో ఆగితే ఆ చెట్టు కిందుగా వెళ్లింది. అలా పన్నెండు రోజులు నడిచింది.

పదమూడో రోజున ఒక లోయ అడ్డం వచ్చింది. దాని మీద ఒకే ఒక మాను వంతెన. ఆ వంతెనకు అడ్డంగా తాడిచెట్టంత రాక్షసుడు బాసిపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"ఒసే నరపిల్లా! ఈ వంతెన దాటాలంటే నా వంశచరిత్ర వినాలి. తొంభై తరాలు. శ్రద్ధగా వింటే దారి ఇస్తాను. వినకపోతే మింగేస్తాను" అన్నాడు వాడు.

"చెప్పు మామా, వింటాను" అంది వకుళ. ఆ మాట మనస్ఫూర్తిగానే అంది. రాక్షసుల వంశచరిత్ర ఆమె ఏ పుస్తకంలోనూ చదవలేదు మరి.

కథ మొదట్లో బాగానే ఉంది. ఒక తాత కొండను మింగి ఆరు నెలలు కడుపునొప్పితో పొర్లాడాడు. ఒక తాతకు పిల్లులంటే భయం. వకుళ నవ్వవలసిన చోట నవ్వుతూ, ఊ కొడుతూ విన్నది. ముప్పైతొమ్మిదో తాత ముసలి తల్లిని భుజాల మీద ఎత్తుకుని వరదలో ఏరు దాటాడని చెప్పగానే ఆమె మనసు కుందవరం వెళ్లిపోయింది. నోరు మాత్రం ఊ కొడుతూనే ఉంది.

రాక్షసుడు చటుక్కున ఆగాడు. "మా నలభై రెండో తాత ఎలా పోయాడో చెప్పు!" అన్నాడు.

వకుళకు ఆ తాత సంగతి ఒక్క ముక్కా గుర్తు లేదు. యుద్ధంలో పోయాడని అనేద్దామా అనుకుంది. ఒకసారి నిజాన్ని మింగినందుకు వచ్చిన ముప్పు చాలదా అనిపించింది.

"తెలియదు మామా. ముప్పైతొమ్మిదో తాత దాకా నిజంగా విన్నాను. అక్కడ మా అమ్మ గుర్తొచ్చింది. తర్వాత కొట్టినవన్నీ ఉత్త ఊలే" అంది.

రాక్షసుడు కోరలన్నీ బయటపడేలా నోరు వెళ్లబెట్టాడు. "ఓసి పిడుగా! ఉత్త ఊలు కొట్టినవాళ్లను వందమందిని మింగాను. అందరూ మా తాత యుద్ధంలో వీరమరణం పొందాడన్నవాళ్లే. ఆయన పోయింది జలుబు చేసి! వినలేదని ఒప్పుకున్నది మాత్రం నువ్వొక్కతివే. ఇంతకీ మీ అమ్మకేమైంది?"

వకుళ చెప్పింది. ఎర్రచాప సంగతి కూడా దాచలేదు. కన్నతల్లికి చెప్పుకోలేనిది రాక్షసుడికి చెప్పుకుంది. వాడు ఊ కొట్టినప్పుడల్లా చెట్ల ఆకులు జలజలా రాలాయి. అంతా విని పెద్దగా నిట్టూర్చాడు.

"ఆ ముసలాడు నాకూ కథ చెప్పాడే పిల్లా. ఆయన పేరు త్వరితుడు, ఒకప్పుడు రాకుమారుడు. ఎక్కడ ఎవరు కథ చెబుతున్నా మధ్యలో దూరి కొస ముందే బయటపెట్టేసేవాడట. ఒక ముని శిష్యులకు కథ చెబుతుంటే అక్కడా అదే పని చేశాడు. ముని శపించాడు. అంతవరకే విన్నాను. అప్పటికి నాకు ఆకలేసి, వేటకు లేచిపోయాను. వచ్చి చూస్తే ఆయన లేడు" అన్నాడు. అని తల గోక్కున్నాడు. "ఆయనకూ బాధే కలిగి ఉంటుంది కదూ? ఏనుగుతొండం కొండ వైపు వెళ్లాడు. నువ్వు వెళ్లిరా."

ఇంకో ఇరవై అయిదు రోజులు నడిచాక ఏనుగుతొండం కొండ వచ్చింది. అది పేరుకు తగ్గట్టే నున్నగా, నిట్టనిలువుగా ఉంది. ఎక్కడానికి పట్టు లేదు. దాని మొదట్లో ఒక గండభేరుండ పక్షి గూడు కట్టుకుంది. ఒకే ఒళ్లు, రెండు తలలు. ఆ రెండు తలలూ ఒకదాన్ని మించి ఒకటి అరుస్తున్నాయి. వకుళ కనబడగానే రెండూ ఒకేసారి మొదలుపెట్టాయి.

"నా కథ విను! నేను సముద్రంలో పడ్డ ఉల్కను చూశాను!"

"దాని సొద వినకు! నేను ఇంద్రధనుస్సు కింద గుడ్డు పెట్టాను!"

వకుళ చెవులు మూసుకుని, "మిమ్మల్ని నేను కొండ దాటించమని అడగడానికి వచ్చాను" అంది. ఆ మాట ఎవరూ చెవిన వేసుకోలేదు. అప్పుడామెకు ఏకాదశినాడు చావడిలో తల్లి పడే తంటా గుర్తొచ్చింది. నేతగాళ్లు, ముసలమ్మలు "ముందు మేమంటే ముందు మేము" అని కొట్టుకునేవారు. తల్లి ఎవరితోనూ వాదించేది కాదు. వకుళ ఒక సుద్దరాయి ఏరుకుని కొండరాతి మీద పెద్ద గీత గీసింది.

"వరుస రాస్తున్నాను. పేర్లు చెప్పండి" అంది గట్టిగా.

తమ పేరు రాస్తారనగానే రెండు తలలూ గప్‌చిప్ అయ్యాయి. వకుళ గవ్వ ఎగరేసింది. ఎడమ తలకు ముందు వంతు వచ్చింది. "రెండోవారు అందాకా ఊ కొట్టాలి. కొట్టకపోతే వంతు పోతుంది" అంది వకుళ.

కుడి తల మూతి ముడుచుకుని మొదటి ఊ కొట్టింది. రెండోది కాస్త గట్టిగా కొట్టింది. ఉల్క సముద్రంలో పడి నీళ్లు ఆకాశానికి లేచాయనేసరికి, "తర్వాత? తర్వాత?" అని మెడ చాచింది. మూడు వందల ఏళ్లుగా ఒకే ఒంటి మీద ఉంటూ కూడా అవి ఒకదాని కథ ఒకటి వినలేదు. ఇద్దరి వంతులూ అయ్యాక గండభేరుండం నాలుగు కళ్లలోనూ నీళ్లు తిరిగాయి.

"ఎక్కు తల్లీ, ఎక్కడికంటే అక్కడికి తీసుకెళ్తాను" అంది ఎడమ తల. "తీసుకెళ్తాం" అని కుడి తల సరిదిద్దింది.

కొండ అవతల ఒక పచ్చని కోన ఉంది. గాలంతా రంగురంగుల తూనీగలు. వేలకు వేలు. వాటి మధ్యన రాతి మీద ముసలాయన మోకాళ్లలో తల పెట్టుకుని కూర్చున్నాడు. ఒక తూనీగ వకుళ చెవి పక్కగా పోతూ, "...దొంగ దొరికాడు" అంది. ఇంకొకటి, "...అన్నదమ్ములు ఏకమయ్యారు" అంది. "...దాని విడుపు ఉల్లిపాయ" అంటూ మరొకటి ముక్కు మీద వాలింది. కుందవరం కథల కొసలన్నీ అవే! ఎన్నాళ్లుగానో అడగాలనుకున్న ప్రశ్నలకు జవాబులు చుట్టూ ఎగురుతుంటే, ఏది వినాలో తెలియక వకుళ కాసేపు అలాగే గిర్రున తిరిగింది.

ముసలాయన తలెత్తి చూసి గుర్తుపట్టాడు. "ఎర్రచాప పిల్లవు కదూ? వీటిని నేను దొంగిలించి తెచ్చాననుకుంటున్నావా? అవే నా వెంట పడ్డాయమ్మా. ముని శాపం అది. 'కథల కొసలంటే నీకంత ఆత్రమా? నీ కథను చెవిన పెట్టని ఊళ్లో కొసలన్నీ నీ వెంటే వస్తాయి. నీ కథ కొస మాత్రం నీకే తెలియదు. నిండు సభ ఊ కొడుతూ చివరంటా వినేదాకా నీకు నిద్ర రాదు' అన్నాడు. డెబ్బై ఏళ్లయింది కన్ను మూసి. చూడు, ఎలా ఉన్నాయో" అని కళ్లు చూపించాడు. అవి మిరపపళ్లలా ఉన్నాయి.

అంతలో ఒక నీలి తూనీగ వచ్చి వకుళ వేలి మీద వాలింది. దాని రెక్కల చప్పుడులో నాగమల్లి గొంతు ఉంది. మాట తెలియలేదు గానీ గొంతు అదే.

"అది మీ అమ్మ మాట కొస. చెయ్యి మూసి పట్టుకుపో. నేను ఆపను" అన్నాడు ముసలాయన.

వకుళ చెయ్యి సగం మూసింది. ఎల్లుండే మూడో ఏకాదశి. గండభేరుండం ఎక్కితే ఒకటిన్నర రోజులో ఇల్లు చేరవచ్చు. అమ్మ మాట్లాడుతుంది. కానీ ఆమె వేళ్లు అక్కడే ఆగిపోయాయి.

"తాతా, మా అమ్మ పని పుస్తకాలు చదవడం. ఈ కొస ఇస్తే ఈ ఒక్క మాట పూర్తవుతుంది. ఎల్లుండి ఇంకో పుస్తకం విప్పితే మళ్లీ సగంలో చిక్కుకుంటుంది కదా?"

"చిక్కుకుంటుంది" అన్నాడు ముసలాయన.

"అయితే నువ్వే మా ఊరు రా. ఆ రోజు వంతు నాది. నాకు ఊ వచ్చింది తాతా. భయపడి మింగేశాను. నీ కథ మళ్లీ చెప్పు."

ముసలాయన చుట్టూ ఎగిరే తూనీగల వంక చూశాడు. "ఆలోచించుకో పిల్లా. ఒకే సభ ముందు రెండోసారి ఓడిపోతే ఈ కొసలు ఇక ఎన్నటికీ తిరిగి రావు. నీ వేలి మీదిది కూడా. మీ అమ్మ గొంతు పోతుంది. నీ ఒక్కదాని ఊతో సభ నిండదు. మూడు మాటలు చూస్తాను. నాలుగో మాటకైనా సభ పలకాలి" అన్నాడు.

వకుళ అడకత్తెరలో పోకచెక్క అయిపోయింది. కళ్లు మూసుకుని నీలి తూనీగను ఊది ఎగరేసింది. "రా తాతా" అని చెయ్యి పట్టుకుంది.

మూడో ఏకాదశినాడు ఎండ వాలే వేళకు గండభేరుండం పుస్తకాల చావడి ముందు దిగింది. వెనకాలే తూనీగల మబ్బు. నగరమంతా చావడికి పరుగెత్తుకొచ్చింది. మహారాజు వచ్చి పీట మీద కూర్చున్నాడు. పొరుగింటి పిన్ని నాగమల్లిని పట్టుకుని నడిపించుకొచ్చింది. ఆమె పెదవులు కదులుతున్నాయే గానీ చప్పుడు దగ్గరికి వెళ్లి వింటే తప్ప తెలియడం లేదు. శుచివర్మ స్తంభం దగ్గర బెత్తంతో నిలబడ్డాడు. ఆయన ముఖమూ పీక్కుపోయింది. కానీ నియమం నియమమే.

వకుళ ఎర్రచాప పరిచి కూర్చుంది. ముసలాయన మొదలుపెట్టాడు.

"అనగా అనగా ఒక రాజుకు తొందరపాటు కొడుకు ఒకడుండేవాడు."

"ఊ!" అంది వకుళ. చావడి కప్పు మీది పావురాలు లేచిపోయాయి.

సభ ఉలిక్కిపడింది. శుచివర్మ బెత్తం ఎత్తాడు. ఇంకెవరూ పలకలేదు.

"ఎవరు ఏ కథ చెబుతున్నా వాడు మధ్యలో దూరి కొస చెప్పేసేవాడు."

"ఊ!" అంది వకుళ. చుట్టూ మళ్లీ నిశ్శబ్దం. తూనీగలు ఒక్కొక్కటే గుమ్మం వైపు జరుగుతున్నాయి.

"ఒకరోజు వాడు మంచం పట్టిన తన తల్లి దగ్గర కూర్చున్నాడు. ఆమె వాడికి ఒక కథ చెప్పబోయింది."

వకుళకు ఊ రాలేదు. ఏడుపు అడ్డం వచ్చింది. ఈ మాట ముసలాయన అప్పటిదాకా ఆమెతో కూడా అనలేదు. పెదాలు బిగబట్టి, బలమంతా కూడదీసుకుని "ఊ" అంది. శుచివర్మ రెండడుగులు ముందుకు వేశాడు. సభ తలలు దించుకుంది.

ముసలాయన ఆగాడు. కళ్లు మూసుకుని నాలుగో మాట చెప్పాడు. "కొస నాకు తెలుసులే అని వాడు లేచి ఆటకు పోయాడు. తిరిగొచ్చేసరికి తల్లి లేదు. ఆ కథ ఏమిటో వాడికి ఇప్పటికీ తెలియదు."

"ఊ..." అని ఎవరో అన్నారు. వకుళ కాదు. అందరూ అటు తిరిగారు. ఎత్తిన బెత్తం ఎత్తినట్టే పట్టుకున్న శుచివర్మ బుగ్గల మీద నీళ్లు కారుతున్నాయి. "ఊ. తర్వాత?" అన్నాడు మళ్లీ.

ఇక సభ ఆగలేదు. నేతగాళ్లు ఊ కొట్టారు, ముసలమ్మలు కొట్టారు, మహారాజు తొడ చరిచి మరీ కొట్టాడు. ముసలాయన గొంతు బలంగా లేచింది. మునినీ శాపాన్నీ చెప్పాడు. డెబ్బై ఏళ్ల నడకనూ, ఆకలేసి లేచిపోయిన రాక్షసుణ్ణీ చెప్పాడు. చివరికి, "వాడు ముసలివాడై ఒక చావడికి వచ్చి నిండు సభకు తన కథ చెప్పాడు. అప్పుడు..." అని ఆగిపోయాడు. కొస ఆయనకు తెలియదు మరి.

సభలో అందరికీ తెలిసిపోయింది. మహారాజు ఆత్రం పట్టలేక, "అప్పుడు వాడి శాప..." అనబోయాడు. రాణిగారు ఆయన నోరు మూసేసింది. ఎవరూ కదల్లేదు. ముసలాయన వెతుక్కున్నంతసేపూ సభ ఆయనతో పాటు కాచుకుని కూర్చుంది.

"అప్పుడు వాడికి నిద్రొచ్చింది" అన్నాడు ముసలాయన ఆశ్చర్యంగా. వెంటనే ఎర్రచాప మీద ఒరిగి గుర్రుపెట్టాడు.

తూనీగలన్నీ ఒక్క ఉదుటున లేచి అరల్లోకీ, వీధుల్లోకీ, కోయిలల గొంతుల్లోకీ వెళ్లిపోయాయి. నీలి తూనీగ నాగమల్లి పెదవుల మీద వాలి కరిగిపోయింది. ఆమె ఒక్కసారి ఊపిరి పీల్చుకుని గట్టిగా అంది:

"అప్పుడు ఆ పిల్ల తలుపు గడియ తీసి చూసేసరికి... గుమ్మంలో మేక నిలబడి ఉంది!"

సభ ఒక్క క్షణం బిక్కమొహం వేసింది. నలభై అయిదు రోజులుగా రాజ్యమంతా ఆ తలుపు వెనక రాక్షసుణ్ణో రాకుమారుణ్ణో ఊహించుకుంటోంది. "కొండను తవ్వి ఎలుకను పట్టారని విన్నాం గానీ, మేకను పట్టడం ఇదే చూడటం!" అని మహారాజు పకపకా నవ్వాడు. చావడి కప్పు ఎగిరిపోయేలా అందరూ నవ్వారు. నాగమల్లి మాత్రం కూతురి చెయ్యి పట్టుకుని, "మంచినీళ్లివ్వవే, గొంతు పిడచకట్టుకుపోయింది" అంది.

ఆ మర్నాడు శుచివర్మ బెత్తాన్ని పొయ్యిలో పెట్టి, చావడి గుమ్మంలో పెద్ద గంగాళంతో నీళ్లు పెట్టించాడు. "చేతులు కడుక్కుని రండి. నోళ్లు మీ ఇష్టం" అని అందరికీ చెప్పాడు. ఇంత చిన్న ఉపాయం తనకు ముందే ఎందుకు తట్టలేదా అని చాన్నాళ్లు కుమిలాడు. మహారాజు వకుళను ఏకాదశి కొలువుకు అధికారిణిని చేశాడు. నిండు సభలో ఆమెకు శాలువా కప్పి, రాజ్యాన్ని కాపాడిన పిల్ల అని పొగిడాడు.

ఆ పొగడ్త వకుళకు ముల్లులా గుచ్చుకుంది. ఇంటికి వచ్చాక తల్లి అన్నం వడ్డిస్తుంటే ఇక దాచుకోలేకపోయింది.

"అమ్మా, నన్ను అందరూ మెచ్చుకుంటున్నారు. అసలు నీకు ఆ గతి పట్టించింది నేనే. ఆ రోజు నాకు ఊ వచ్చింది. బెత్తం చూసి మింగేశాను."

నాగమల్లి గరిటె కింద పెట్టింది. కూతురి పక్కనే కూర్చుంది.

"ఆయన నీ వంక చూశాక నా వంక కూడా చూశాడే. నీకు పదమూడేళ్లు, నాకు నలభై. సభలో నీ పక్కనే నిలబడ్డాను. ఉద్యోగం పోతుందని స్తంభం వంక తిరిగి సుద్ద గీతలు దిద్దుకున్నాను. మింగింది నువ్వొక్కతివే కాదు తల్లీ. వెతుక్కుంటూ వెళ్లింది మాత్రం నువ్వొక్కతివే."

రాక్షసుడి ముందు కూడా గట్టిగా ఏడవని వకుళ అప్పుడు తల్లి ఒళ్లో తల పెట్టుకుని భోరున ఏడ్చింది. నాగమల్లి ఎడమ చేత్తో ఆమె జుట్టు నిమురుతూ, కుడి చేత్తో ముద్దలు కలిపి ఒకటి కూతురికీ ఒకటి తనకూ పెట్టుకుంది.

వాళ్ల కథ అంతటితో సుఖంగా గట్టెక్కింది. మీరూ ఇక అన్నాలకు లేవండి.